దోఆబ్ పొలంలో ఒక పచ్చికూరల పళ్ళెం

గంగా, యమునా నదుల నడుమనున్న నేలను దోఆబ్ అంటారు. ఫార్సీలో ‘దో’ అంటే రెండు, ‘ఆబ్’ అంటే నీరు. ఢిల్లీ నుండి మీరట్, ముజఫ్ఫర్‌నగర్‌ల మీదుగా సహారన్‌పూర్‌కు పోయే రైలుమార్గం ఈ నేల మీదుగా ఉత్తరానికి సాగుతుంది. ముజఫ్ఫర్‌నగర్ దాటిన తరువాత ఆ మార్గంలోనే దేవ్‌బంద్ వస్తుంది. మన తెలుగు ప్రాంతాల నుండి ధార్మిక విద్య కోసం వెళ్ళే విద్యార్థులకు ఈ దారి పరిచితమే. అయితే వారిలో ఎక్కువమంది ఈ నేలను రైలు కిటికీ నుండే చూస్తారు. పాఠాలు, పరీక్షలు, తిరుగు ప్రయాణం, వీటి మధ్య పొలాల వైపు నడిచే తీరిక వారికి దొరకదు. గడచిన ఫిబ్రవరి చివరి వారంలో మేము అటు వెళ్ళినప్పుడు, ఒకనాటి సహాధ్యాయి ఆహ్వానంపై రెండు రోజులు ఆయన పల్లెలో గడిపే అవకాశాన్ని అల్లాహ్ ప్రసాదించాడు. అక్కడ బోరు బావి వద్ద ఒక మధ్యాహ్నం తిన్న పచ్చికూరల గురించే ఈ వ్యాసం. ఇందులో మాంసం లేదు, పొయ్యి లేదు. ఇది రాయవలసినంత విషయమా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. చదివిన తరువాత నిర్ణయించుకోగలరు.

మన వైపు ఫిబ్రవరి ముగిసేసరికి ఎండ ముదురుతుంది. అక్కడ మాత్రం అది చలి వెనుదిరిగే కాలం. తెల్లవారుజామున ఇంకా శాలువా కావాలి, జుహర్ వేళకు చొక్కా చాలు. గోధుమ చేలు మోకాలి ఎత్తున పచ్చగా ఉంటాయి. ఆవ చేలలో పసుపు పూత తగ్గి కాయలు దిగుతుంటాయి. మిగిలిన నేలంతా చెరకే. 1854లో ప్రారంభమైన గంగా కాలువ, దానికి తోడు లెక్కలేనన్ని బోరు బావులు ఈ చెరకును పోషిస్తున్నాయి. దారి పొడవునా గానుగలు ఆడుతుంటాయి. వెడల్పాటి ఇనుప పెనాలలో రసం మరిగి బెల్లమవుతుంటే ఆ వాసన రైలు పెట్టెలోకి కూడా వస్తుంది. చెరకు గట్ల పక్కన, రెండు మూడు గుంటల జాగాలలో, ప్రతి రైతూ ఇంటి కోసం కూరగాయలు వేసుకుంటాడు. ముల్లంగి, ఎర్ర క్యారెట్, బఠాణీ, మెంతి, పాలకూర, కొత్తిమీర, వాటి మధ్య రెండు సాళ్ళు శనగ. వసంతం వచ్చేసరికి ఇవన్నీ ఒక్కసారి చేతికి వస్తాయి. మరి మూడు వారాలు గడిస్తే ముల్లంగి బెండుబారుతుంది, క్యారెట్ లోపలి కాడ గట్టిపడుతుంది, బఠాణీ పిండి పడుతుంది. అందుకే ఆ మూడు వారాలూ అక్కడివారు వాటిని పచ్చిగానే, పళ్ళేలకొద్దీ తింటారు.

దేవ్‌బంద్ గురించి ఇక్కడ విస్తారంగా రాయనవసరం లేదు. 1866లో ఛత్తా మసీదు ప్రాంగణంలో, ఒక దానిమ్మ చెట్టు నీడన, ఒక గురువు, ఒక శిష్యుడితో పాఠం మొదలైందనీ, ఇద్దరి పేరూ మహ్మూదేననీ మన పాఠకులలో చాలామందికి తెలుసు. తక్కువమందికి తెలిసినది అక్కడి విద్యార్థుల కూరగాయల సంగతి. మత్బఖ్ (వంటశాల) నుండి రొట్టె, పప్పు లేదా సాలన్ అందుతాయి. దానికి నంజుడు విద్యార్థి స్వయంగా సమకూర్చుకోవాలి. చలికాలంలో బజారులో బండిమీద దొరికే చవకైన నంజుడు ముల్లంగే. నలుగురు కలిసి ఒక కట్ట కొని, కడిగి, నిలువునా చీల్చి, ఉప్పు అద్దుకొని తినేవారు. దక్షిణాది పిల్లలు మొదట ముఖం చిట్లించి, ఫిబ్రవరి నాటికి అలవాటుపడేవారు. ఆ అలవాటు మాకూ అక్కడే అయింది.

మా మిత్రుని పల్లె దేవ్‌బంద్‌కు దూరమేమీ కాదు. ఆయన పల్లె మసీదులో ఇమామత్ చేస్తూ, తండ్రి వదిలిన కొద్దిపాటి పొలం చూసుకుంటున్నారు. ఆ పొలానికి ఆనుకొని ఉన్నది ఒక హిందూ రైతుది. అందరూ ఆయనను చౌధరీ సాహబ్ అంటారు. ఆయన కుటుంబం మాంసం ముట్టదు. ఇద్దరి పొలాలకూ నీరు ఒకే బోరు నుండి వస్తుంది. బోరును ఇద్దరి తండ్రులు సగం సగం ఖర్చు పెట్టుకొని వేయించారు.

మధ్యాహ్నం జుహర్ నమాజు ముగించుకొని మేము ఆ బోరు వద్దకు నడిచాము. షెడ్డులో గోడకు కొట్టిన మేకుకు ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. అందులో ఒక కత్తి, చెక్క పలక, రెండు గరిటెలు ఉన్నాయి. పక్కనే అంచు ఎత్తుగా ఉన్న పెద్ద ఇత్తడి పళ్ళెం గోడకు ఆనించి ఉంది. ఇవి ఎవరి ఇంటివీ కావనీ, బోరువనీ మా మిత్రుడు చెప్పారు. అప్పటికి ఆ మాట మాకు పూర్తిగా అర్థం కాలేదు.

కూరగాయలు చౌధరీ సాహబ్ కొడుకు తవ్వి తెచ్చాడు. బోరు నీటి ధార కింద వాటిని మూడుసార్లు కడిగారు. మట్టి అంటిన క్యారెట్ కడగగానే దానిమ్మ గింజ రంగులో మెరిసింది. మనకు సంవత్సరమంతా దొరికే నారింజ రంగు క్యారెట్ దాని ముందు చప్పగా ఉంటుంది. ముల్లంగిని చక్రాలుగా తరగలేదు, వేలెడు పొడవు సన్నని పుల్లలుగా చీల్చారు. చీల్చిన వెంటనే ఘాటు పుడుతుంది కనుక దాన్ని కొంతసేపు చల్లని నీళ్ళలో ఉంచారు. బఠాణీలు అప్పుడే కోసినవి. కోసిన క్షణం నుండే వాటిలోని చక్కెర పిండిగా మారసాగుతుంది కాబట్టి, బజారులో కొన్న బఠాణీకి ఆ తీపి ఉండదు. పచ్చి శనగకాయలు ఒలిచి గుప్పెడు గింజలు వేశారు. రెండు టమాటాలు, కట్ట కొత్తిమీర, బోరు కాలువ అంచున కొత్తగా చిగిర్చిన పుదీనా. పాలకూర చిగుళ్ళు చేతితో తుంచారు, కత్తి తగలనివ్వలేదు. వేయించిన జీలకర్రను రెండు రాళ్ళ మధ్య నలిపి చల్లారు. అన్నిటికంటే చివర ఉప్పు. ముందే ఉప్పు వేస్తే ముక్కలు నీరు విడిచి మెత్తబడతాయి. పెళ్ళి విందులలో గంట ముందే తరిగి ఉప్పు కలిపిన సలాడ్ పళ్ళెం అడుగున మురికినీటిలా తేలే ద్రవం ఈ తొందర ఫలితమే.

నూనె వేయలేదు. దానికి బదులు సిర్కా వచ్చింది. ఆ ప్రాంతంలో చెరకు రసంతో సిర్కా ఇళ్ళలోనే తయారవుతుంది. గానుగ నుండి తెచ్చిన రసాన్ని మట్టి కుండలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, నెలల తరబడి ఎండలో ఉంచుతారు. రసంలోని తీపి మొదట పులిసి మద్యంగా మారుతుంది. తరువాత గాలి తగిలి ఆ మద్యం పులుపుగా మారుతుంది. ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం ఉంది. మధ్యలో మత్తు దశ దాటినది కదా, ఇది తినవచ్చునా అని కొందరు సోదరీమణులు మమ్మల్ని అడుగుతుంటారు. దానంతట అదే సిర్కాగా మారినది ధర్మసమ్మతమేనన్న విషయంలో పండితులకు భేదాభిప్రాయం లేదు. ఏదైనా కలిపి మద్యాన్ని సిర్కాగా మార్చితే ఏమిటన్న దానిలోనే చర్చ ఉంది. హనఫీ పండితులు దాన్నీ అనుమతించారు, షాఫయీ పండితులు అనుమతించలేదు. దైవప్రవక్త (స) ఒకసారి ఇంట్లో కూర ఏముందని అడిగితే, సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. ఆయన (స) దాన్నే తెప్పించుకొని, మెచ్చుకుంటూ రొట్టెతో తిన్నారు. జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మేము దశాబ్దాలుగా ఈ హదీసును పాఠంగా చెబుతున్నాము. బజారు సీసాలోని తెల్ల సిర్కాతో దాని రుచి మా విద్యార్థులకు ఎన్నడూ అర్థమై ఉండదు. కుండలోని చెరకు సిర్కా తేనె రంగులో ఉంటుంది. దాని పులుపు వెనుక సన్నని తీపి నిలుస్తుంది.

కూరగాయల ప్రస్తావన వచ్చింది కనుక ఒక హెచ్చరిక. వంకాయ, పప్పుధాన్యం మొదలైన వాటి మహిమలంటూ ప్రవక్త (స) పేరు మీద ప్రచారమయ్యే మాటలు చాలా ఉన్నాయి. వంకాయను గురించి చెప్పేది కల్పితమని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ తన ‘అల్ మనారుల్ మునీఫ్’ గ్రంథంలో తేల్చి చెప్పారు. కూరగాయను కూరగాయగా ఇష్టపడడానికి కల్పిత హదీసు తోడు అవసరం లేదు.

పళ్ళెం సిద్ధమయ్యాక మేము ఉల్లిపాయ కోసం చూశాము. హైదరాబాదులో పచ్చి ఉల్లి లేని కచుంబర్ ఊహించలేము. మా మిత్రుడు నవ్వి, “మౌలానా, అసర్‌కు మసీదుకు రారా ఏమిటి?” అన్నారు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మసీదుకు రావద్దన్న ప్రవక్త (స) ఆదేశం మనకు తెలిసినదే. అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) పంపిన భోజనంలో వెల్లుల్లి ఉందని ఆయన (స) తినలేదు. అది హరామా అని అడిగితే, కాదు, దాని వాసన నాకు నచ్చదు అన్నారు. తినాలనుకునేవారు ఉడికించి వాటి ఘాటును చంపాలని హజ్రత్ ఉమర్ (రజి) తన ప్రసంగంలో చెప్పారు. అంటే నిషేధం వస్తువుకు కాదు, పక్కన నిలబడేవాడికి కలిగే ఇబ్బందికి. ఇంతలో గట్టు మీదుగా చౌధరీ సాహబ్ తల్లి వచ్చారు. ఎనభైకి దగ్గరలో ఉన్న వృద్ధురాలు. మా మిత్రుడు లేచి నిలబడి, “రండి తాయీ, కూర్చోండి” అంటూ మంచం మీద దుప్పటి సర్దారు. ఆమె చాలా ఏళ్ళ క్రితమే ఉల్లి, వెల్లుల్లి మానేసిన మనిషి. అది ఆమె నియమం. పళ్ళెంలో ఉల్లి లేకపోవడానికి మా వైపు కారణం ఒకటి, ఆమె వైపు కారణం మరొకటి. పళ్ళెం మాత్రం ఒకటే.

ఆ సంచీలోని కత్తి సంగతి అప్పుడు బయటపడింది. 2013 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ముజఫ్ఫర్‌నగర్, షామ్లీ ప్రాంతాలలో చెలరేగిన హింస పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 60 మందికి పైగా చనిపోయారు, వేలాది కుటుంబాలు ఊళ్ళు విడిచి శిబిరాలలో తలదాచుకున్నాయి. మా మిత్రుని పల్లెలో రక్తపాతం జరగలేదు. అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ భయం అన్ని పల్లెలకూ చేరింది. ఆ యేడు ఇద్దరు రైతులూ వేర్వేరు వేళలలో బోరు వద్దకు వచ్చేవారు. ఒకరు నీరు కట్టి వెళ్ళాక మరొకరు వచ్చేవారు. ముఖాలు చూసుకునేవారు కాదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బరువుగా ఉండేదని మా మిత్రుడు చెప్పారు. శీతకాలం మధ్యలో మోటారు కాలిపోయింది. గోధుమకు నీరు అందవలసిన వారం అది. ఒక్కరి వల్ల అయ్యే ఖర్చు కాదు, ఒక్కరు పైకి లాగగలిగే గొట్టమూ కాదు. ఇద్దరూ ఒకే తాడు పట్టుకొని రెండు రోజులు పనిచేశారు. రెండో రోజు మధ్యాహ్నం మా మిత్రుడు ఇంటి నుండి అన్నం తెప్పించబోయి ఆగిపోయారు. ఆ ఇంట్లో మాంసం వండే పాత్రలు ఉంటాయి. పిలిస్తే చౌధరీ సాహబ్ కాదనలేరు, తినలేరు. పిలవకపోతే అది మరో గాయం.

ఆయన శ్రీమతి ఈ చిక్కును విడదీశారు. బజారు నుండి కొత్త కత్తి, కొత్త పలక తెప్పించి, తన పెళ్ళినాటి వాడని ఇత్తడి పళ్ళెం తీసి, అన్నీ బోరు వద్దకే పంపారు. వంటింటికి ఇవి తిరిగి రాకూడదని చెప్పారట. పొలంలోని ముల్లంగి, క్యారెట్లు ఇద్దరి కళ్ళ ముందే కడిగి తరిగారు. రొట్టెలు చౌధరీ సాహబ్ ఇంటి నుండి వచ్చాయి. ఆ రోజు నుండి ఆ సంచి అక్కడే ఉంది. ప్రతి యేడూ ఫాల్గుణంలో, కూరగాయలు చేతికి వచ్చిన మూడు వారాలూ, ఆ పళ్ళెం నిండుతుంది.

ఇది విన్నప్పుడు మాకు తరగతిలో చెప్పే ఒక ఉదంతం జ్ఞాపకం వచ్చింది. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో ఒక మేకను కోశారు. ఆయన ఇంటికి రాగానే, మన యూదు పొరుగువాడికి పంపారా అని మాటిమాటికీ అడిగారు. జిబ్రీల్ (అలైహిస్సలాం) పొరుగువారి గురించి ఎంతగా తాకీదు చేశారంటే, వారిని వారసులుగా చేస్తారేమో అనిపించిందన్న ప్రవక్త (స) మాటను ఆయన దానికి ఆధారంగా చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ దీన్ని ఉల్లేఖించారు. మేము ఈ పాఠాన్ని ఇక్కడితో ముగిస్తుంటాము. కానీ మనముంటున్న దేశంలో ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. పొరుగువాడు మేకమాంసం తిననివాడైతే ఏం పంపాలి? బక్రీదు నాడు మన ఇళ్ళ నుండి పొరుగిళ్ళకు సేమియా, పండ్లు వెళ్ళడం ఉంది. అది మంచిదే. అయితే అవి మిఠాయి దుకాణం నుండి వచ్చి అటే వెళ్ళిపోతాయి. మన చేతితో చేసి, మన పక్కన కూర్చోబెట్టి, అతని మనసులో ఏ శంకా మిగలకుండా తినిపించగల వంటకం మనలో ఎంతమంది ఇళ్ళలో ఉంది? బిర్యానీకి పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు సలాడ్‌కు పెట్టము. మాంసం తరిగిన కత్తితోనే దోసకాయ కోసి, ‘ఇది శాకాహారమే, తినండి’ అంటాము. అతిథి మర్యాద కొద్దీ రెండు ముక్కలు తీసుకొని పళ్ళెం అంచున ఉంచితే, ఆకలి లేదేమో అనుకుంటాము.

భోజనంలో మాటలు ఎక్కువ సాగలేదు. తాయీ కొరకలేరు కనుక ఆమె కోసం క్యారెట్‌ను తురిమి, అందులో ఒక చిన్న బెల్లం ముక్క నలిపి కలిపారు. కక్డీ ఎప్పుడు వస్తుందని మేము అడిగాము. యమున ఇసుక తిన్నెలలో విత్తనం వేశారనీ, ఏప్రిల్‌లో వస్తుందనీ చౌధరీ సాహబ్ చెప్పారు. దివ్య ఖుర్ఆన్ బఖర సూరాలో, ఇస్రాయీల్ సంతతివారు మూసా (అలైహిస్సలాం)ను అడిగిన అయిదు వస్తువుల జాబితా ఉంది. అందులోని ‘ఖిస్సా’ అనే పదాన్ని ఉర్దూ అనువాదకులు కక్డీ అనే అనువదించారు. అక్కడ మందలింపు కూరగాయలకు కాదు, శ్రమ లేకుండా అందిన అనుగ్రహంపై వారు చూపిన అసహనానికి. ఇమామ్ ఖుర్తుబీ అదే ఆయత్ వద్ద ఉల్లి, వెల్లుల్లి తినడంపై చర్చ చేశారు. ఖిస్సాను తాజా ఖర్జూరాలతో కలిపి ప్రవక్త (స) తినగా చూశానని అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లింలు రెంటిలో ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడు చౌధరీ సాహబ్ ఆసక్తిగా విని, “ఖర్జూరంతో కక్డీయా? ఏప్రిల్‌లో తిని చూస్తాము మౌల్వీ సాహబ్” అన్నారు.

తిరిగి వచ్చాక ఆ పళ్ళేన్ని మేము మన కూరగాయలతో చేసి చూశాము. ఎర్ర క్యారెట్ దొరకదు కనుక లేత నారింజ క్యారెట్ తీసుకోవాలి. సంక్రాంతి నుండి శివరాత్రి వరకు ముల్లంగి బాగుంటుంది. పచ్చి శనగకాయలు తెలంగాణ బజారులలో కట్టలుగా వస్తాయి, వాటిని కాల్చుకొని తినడమే మన అలవాటు. ఒలిచి పచ్చివే వేస్తే రుచి వేరు. బఠాణీ పాతదనిపిస్తే ఒక నిమిషం మరిగే నీటిలో ముంచి తీయాలి. నలుగురికి రెండు ముల్లంగులు, మూడు క్యారెట్లు, ఒక టమాటా, గుప్పెడు బఠాణీ, గుప్పెడు శనగ, ఒక చిన్న కట్ట కొత్తిమీర, పది పుదీనా ఆకులు సరిపోతాయి. రెండు చెంచాల సిర్కా, లేదా ఒక నిమ్మకాయ. ఉప్పు వడ్డించే క్షణాన వేయాలి. ఎండలు ముదిరాక ముల్లంగికి బదులు లేత కీరదోస, బెల్లానికి బదులు గింజ తీసి చీల్చిన ఖర్జూరం వాడవచ్చు. మా మద్రసాలో విద్యార్థులకు దీన్ని పెట్టినప్పుడు పెద్ద పిల్లలు మొదట కబాబ్ ఎక్కడని అడిగారు. చిన్నవాళ్ళు బఠాణీలు ఏరుకొని తిన్నారు. మూడోసారికి పళ్ళెం ఖాళీ అయింది. కత్తి, పలక మాత్రం విడిగా కొన్నాము. వంటమనిషి వాటిని మాంసం కత్తులతో కలిపివేయకుండా ఒక మేకు కొట్టి వేలాడదీశాము. మద్రసాకు పాలు పోసే ఆసామి మాంసం తినరు. గత వారం మొదటిసారి పిల్లల పక్కన దస్తర్‌ఖాన్ మీద కూర్చుని, ఆ పళ్ళెం నుండి తిన్నారు.

పల్లె నుండి బయలుదేరే రోజున మా మిత్రుని శ్రీమతి ఒక సీసా సిర్కా పంపారు. మూత బిగించవద్దనీ, అది ఇంకా పనిచేస్తూనే ఉందనీ, గుడ్డ కట్టి నిటారుగా ఉంచమనీ కబురు చేశారు. ఢిల్లీ నుండి కాజీపేట దాకా మా ఒడిలోనే పెట్టుకొని వచ్చాము. పెట్టెలో తోటి ప్రయాణికులు వాసన ఏమిటని రెండుసార్లు అడిగారు. అందులో సగం ఇంకా ఉంది.